‘చెవిటి దొర’ మిగతా సగం కోసం బెల్లంపల్లి దాకా

మా బాపు చనిపోయిన మూడు నెలలకు, మగ్గం పక్కనున్న చెక్కపెట్టె సర్దుతుంటే అడుగున గుడ్డలో చుట్టిన ఒక నోటుబుక్కు దొరికింది. అట్ట మీద ‘చెవిటి దొర, హాస్య నాటకం, పోశవ్వ’ అని ఆయన చేతిరాత. బాపు వయసులో ఉన్నప్పుడు ఆడవేషాలు కట్టేవాడని హుజూరాబాద్‌లో పెద్దవాళ్లందరూ చెప్పుకునేవాళ్లు. నేను మాత్రం ఒక్క ఆటా చూడలేదు. నాకు ఊహ తెలిసేనాటికే మానేశాడు. ఎందుకు మానేశావని అడిగితే, తెగిన పోగు అతుక్కుంటూ తల దించుకుని కూర్చునేవాడు. ఇంకోసారి అడగాలనిపించేది కాదు.

ఆ నోటుబుక్కులో నాటకం మొత్తం లేదు. కాగితం కరువున్న ఆ రోజుల్లో ఎవరి వేషం మాటలు వాళ్లే రాసుకునేవాళ్లు. ఎదుటివాడి మాటలో చివరి ముక్క ఒకటి మాత్రం గుర్తుకోసం పక్కన వేసుకునేవాళ్లు. అందువల్ల బాపు పుస్తకంలో పోశవ్వ అనే పల్లెటూరి ఆమె మాటలే ఉన్నాయి. ‘నా బర్రె పోయింది దొరా’ అంటుంది. దాని తర్వాత ‘...కాలేదా?’ అనే ఒక్క ముక్క. దొర ఏమన్నాడో, జనం ఎందుకు నవ్వారో ఎంత చదివినా అర్థం కాదు.

నేను తెలుగు చెప్పే బడిలో పెద్దపంతులు గారికి చూపిస్తే ఆయన ముఖం వెలిగిపోయింది. చిన్నప్పుడు ఈ నాటకం చూసి కడుపు పట్టుకుని నవ్వారట. “మన వార్షికోత్సవానికి ఇదే వేద్దామమ్మా, మిగతా సగం ఎట్లనన్న సంపాదించు” అన్నారు. ఇంటికొచ్చి అవ్వను, అదే మా అమ్మను, అడిగాను, దొర వేషం ఎవరు వేసేవారని.

“మల్లయ్య. మీ బాపుకు పాణమసోంటి దోస్తు. ఇప్పుడు బెల్లంపల్లిల ఉన్నడంటరు. ఇద్దరికి మాటలు బందయి ఇరవై ఏండ్లాయె.”

“ఎందుకు బంద్ అయినయవ్వా?”

“నాకేం చెప్పిండు బిడ్డా! ఒక దొరింట్ల లగ్గానికి ఆడి వచ్చిండ్రు. వచ్చి గా చీర విప్పి పెట్టెల పెట్టిండు. మళ్ల వేషం కట్టలే.”

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్లు కావస్తోంది. కరీంనగర్ జిల్లాలో పుట్టి పెరిగి కూడా నేను గోదావరి దాటి ఆదిలాబాద్ జిల్లాలో అడుగుపెట్టలేదు. దీపావళి వెళ్లిన తర్వాతి ఆదివారం బయలుదేరాను. కరీంనగర్ వెళ్లి, అక్కడినుంచి పెద్దపల్లికి బస్సు మారి రైలెక్కే దారి కూడా ఉంది గాని, హుజూరాబాద్ వాళ్లకు జమ్మికుంట స్టేషనే దగ్గర. పొద్దున ఐదున్నరకు మొదటి బస్సు. టిక్కెట్టు అర్ధరూపాయికి లోపే. పత్తి బస్తాల మధ్య ఒంటికాలి మీద నిలబడ్డా గంట లోపల జమ్మికుంటలో దిగిపోతాం. ఏడు దాటాక ప్యాసింజరు వచ్చింది. బెల్లంపల్లికి మూడో తరగతి టిక్కెట్టు రెండు రూపాయల పైచిల్లర. ఆడవాళ్ల పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది.

పెద్దపల్లి దాకా వరికోతలు కనిపించాయి. రామగుండం దాటాక బండి నెమ్మదించింది, గోదావరి వంతెన వచ్చింది. పెట్టెలో ఉన్న ఆడవాళ్లందరూ ఒక్కసారి లేచి, కొంగున కట్టుకొచ్చిన పసుపూ పూలూ కిటికీలోంచి నీళ్లలోకి విసిరారు. నా దగ్గర ఏమీ లేవు. పక్కనున్నామె తన చేతిలోని బంతిపువ్వు సగం తుంచి ఇచ్చింది. “పోయినోళ్ల పేరు తల్సుకొని ఎయ్యి చెల్లె” అంది. నా ముఖంలో ఏం కనిపించిందో తెలియదు. బాపు పేరు తలచుకుని వేశాను. మంచిర్యాల దాటిన తర్వాత పొలాల రంగు మారిపోయింది. పట్టాల పక్క గడ్డి మీద కూడా నల్లటి దుమ్ము. పదకొండున్నరకు బెల్లంపల్లిలో దిగాను.

స్టేషను బయట రిక్షా అతన్ని మల్లయ్య ఇల్లు తెలుసా అంటే నవ్వాడు. “బస్తీకి పదిమంది మల్లయ్యలున్నరు తల్లీ. ఏ మల్లయ్య?” హుజూరాబాద్ వైపునుంచి వచ్చినాయన, ఒకప్పుడు నాటకాలు ఆడేవాడు అన్నాను. “నాటకాలేమో ఎర్కలే. హుజూరాబాదు మల్లయ్య అయితె ఉన్నడు, బొగ్గుబాయి పని ఇడిసిపెట్టి రెండేండ్లాయె. కూసో” అన్నాడు. ముప్పై పైసలకు బస్తీ చివరిదాకా తీసుకెళ్లి, గుమ్మం ముందు నిలబడి తనే గొంతెత్తి పిలిచాడు.

బయటకు వచ్చినాయన మనిషి పొడుగు, చాలా సన్నం. అరవై దాటి ఉంటాయి. నేను ఫలానావారి బిడ్డనని చెప్పగానే నా వెనక వీధిలోకి చూశాడు, బాపు కూడా వచ్చాడేమోనని.

“బాపు రాలే కాకా. బాపు పోయిండు. మూడు నెలలాయె” అన్నాను.

ఆయన ద్వారబంధం పట్టుకున్నాడు. “మూడు నెలలా” అన్నాడు. “నాకు ఒక్కలు చెప్పలే.” లోపలికి వెళ్లి నీళ్లతో ముఖం కడుక్కుని వచ్చి, మంచం వాల్చి, నన్ను కూర్చోమని తను కింద కూర్చున్నాడు. నేను నోటుబుక్కు ఇచ్చాను. అట్ట మీది అక్షరాలను వేలితో తడిమి చూసి, తెరవకుండానే తిరిగి ఇచ్చాడు.

“నాది కాయితం మీద లేదు బిడ్డా. ఎప్పుడో చెదలు తిన్నది. నోటికున్నది. రాసుకుంటవా?”

రాసుకోవడం మొదలుపెట్టే ముందు ఆ నాటకం ఎక్కడిదని అడిగాను. దాని చరిత్ర నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. ‘చెవిటి దొర’ షోలాపూర్‌లో పుట్టింది. మన సాలెవాళ్లు వేలమంది మిల్లుల్లో పనికి పోయి అక్కడ బస్తీలు కట్టుకుని, పండుగలకు తెలుగు నాటకాలు వేసేవాళ్లు. మల్లయ్య కాక, బాపు కూడా రెండేళ్లు అక్కడ పని చేశారు.

“ఆడ ఇంగ్లీషోళ్ల రాజ్యం. తెల్ల కలెక్టరు వేషం కట్టి నవ్విస్తె పోలీసోళ్లు ఊకుంటరా? అందుకని ఆడ చెవిటి దొరకు తుర్కీ టోపీ పెట్టి, నిజాం సర్కారు శిస్తు వసూలుకు వచ్చే అమల్దారును జేసిండ్రు. పోలీసోళ్లు సుత ముందట్ల కూసోని నవ్విండ్రు. నాటకాన్ని మేం ఈడికి తెచ్చినం. ఈడ నిజాం రాజ్యం. ఆట ఆడాల్నంటే ముందుగాల సర్కారు కచేరీకి పోయి పర్వానా తెచ్చుకోవాలె. అమల్దారును నవ్వులపాలు జేస్తె పర్వానా ఎవడిస్తడు? టోపీ మార్చినం. ఈడ చెవిటి దొర ఇంగ్లీషు కలెక్టరు. బొగ్గుబాయిల కాడికి వస్తే అప్పుడు తెల్ల మేనేజర్లు ఉండిరి, ఆడ పర్వానా వాళ్లదే. మళ్ల తుర్కీ టోపీ.”

“మరి మాటలు?”

“మాటలు ఒక్కటి మారలే. టోపీయె మారింది.”

“చూసేటోళ్లకు తెల్వదా కాకా?”

“తెల్వకేంది! దొర అన్నంక ఎవల దొరను వాళ్లు అనుకున్నరు. గందుకే గంత నవ్వు.”

అప్పుడు నేను పోశవ్వ మాటలు చదివాను, ఆయన దొర మాటలు చెప్పాడు. కూర్చున్నచోటే ఆయన మెడ నిక్కింది, కనుబొమలు పైకి లేచాయి, గొంతు మారిపోయింది. ‘నేను పన్ను కట్టలేను దొరా’ అని నేను చదివితే, ‘పన్ను కట్టించుకోకపోతే ఎట్లా నములుతావు? ఉన్నవన్నీ పీకించి కొత్తవి కట్టించు!’ అన్నాడు. బాపు పోయాక నేను నవ్వడం అదే మొదలు. నవ్వీ నవ్వీ రాయడం కష్టమైంది. ‘నా బర్రె పోయింది దొరా’ అని చదివాను. ఆ ‘కాలేదా’కు ముందు ఏముందో తెలుసుకోవాలని ఎన్ని రోజులుగానో ఉంది.

ఆయన ఆగాడు. మెడ వంగింది. “గీ మాట రాసుకో, నేను వేషంల చెప్ప” అని మామూలు గొంతుతో చెప్పాడు. ‘బుర్ర పోయిందా? నాకూ ఎప్పుడో పోయింది. అయినా నేను దొరను కాలేదా?’

రాసుకున్నాను. తర్వాత ఆయన, నేను అడగకుండానే, ఆ లగ్గం సంగతి చెప్పాడు.

రజాకార్ల గడబిడకు ముందటి సంవత్సరం. ఒక పల్లెలో దొర తన బిడ్డ పెళ్లికి వీళ్లను పిలిపించాడు. పొద్దు వాలే వేళ, కోట లాంటి గడి వాకిట్లో పందిరి కింద ఆట. ముందు దొర, చుట్టాలు. పశువుల కొట్టం గోడ వారన ఊరి ఆడవాళ్లు. బాపు పోశవ్వ వేషంలో చేతులు జోడించి ‘నా బర్రె పోయింది దొరా’ అన్నాడు. మల్లయ్య కాక తన మాట చెప్పాడు, జనం నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే వెనకనుంచి ఒక ఆడమనిషి లేచి నిలబడింది.

“‘నాది సుత పోయింది దొరా’ అన్నది బిడ్డా. ‘నీ మనుషులే తోలుకపోయిండ్రు. గా కొట్టంల ఉన్నది. ఇంట్ల పాలు తాగే పిల్ల ఉన్నది’ అన్నది. నా దిక్కే చూస్తున్నది. గని నాతోని అంటలేదు, నా ముందట కూసున్నాయనతోని అంటున్నది. అందరు గమ్మున అయిండ్రు. గప్పుడు నేను...”

ఆయన మంచం పట్టె మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

“మళ్ల గదే మాట అన్న. బుర్ర పోయిందా, నాకూ ఎప్పుడో పోయింది అని. పందిరి లేసిపోయేటట్టు నవ్విండ్రు. నేను ఆడిన ఆటలల్ల గంత నవ్వు ఎన్నడు రాలే. దొర కండ్లెంబటి నీళ్లు వచ్చేదాక నవ్విండు. ఆమెను పక్కకు గుంజుకపోయిండ్రు.”

“కాపాడుదామనే అన్నవు గద కాకా? దొర ఆటల భాగం అనుకుంటడని?”

“అట్లనే చెప్పుకుంట వచ్చిన, నాకు నేనె. గని కాపాడుదామని అన్ననో, అలవాటుకు నోటికొచ్చిందో నాకు ఇప్పటికి తెల్వది. మీ బాపుకు తెల్సినట్టుంది. ఆట అయినంక ఇంటి దాక నడిచినం, తొవ్వంత ఒక్క మాట మాట్లాడలే. తర్వాత సుత మాట్లాడలే. నన్ను మన్నించలే ఆయన.”

వారం తర్వాత కాక ఒక్కడే ఆ ఊరికి వెళ్లాడట. ఆ ఇంటికి తాళం. తెల్లారేసరికి ఊరు వదిలిపెట్టి పొమ్మన్నారని, మొగుడూ పెళ్లాం పిల్లను ఎత్తుకుని బొగ్గుబాయిల వైపు పోయారని పక్కింటివాళ్లు చెప్పారు. ఆయన వెతుక్కుంటూ బెల్లంపల్లి వచ్చాడు. నెలలు తిరిగి వాళ్లను పట్టుకున్నాడు. మళ్లీ హుజూరాబాద్ ముఖం చూడబుద్ధి కాక తనూ ఇక్కడే బాయిలో చేరాడు.

“ఆమె ఉన్నదా కాకా?”

“ఎందుకు లేదు? రోజు ఆమె కాడనే తింట. లే, ఆకలైతుండొచ్చు.”

రెండు వీధుల అవతల, బడ్డీకొట్ల వరసలో రేకుల పందిరి కింద రాజవ్వ పూటకూళ్లు నడుపుతోంది. పొయ్యి దగ్గర ఇరవై ఏళ్ల అమ్మాయి రెండు అరచేతుల మధ్య జొన్నరొట్టె చరుస్తోంది. రాజవ్వ బలంగా, నెమ్మదిగా ఉంది. బాపు పేరు చెప్పి, ఆడవేషం కట్టినాయన బిడ్డ అని కాక చెప్పగానే నన్ను కిందనుంచి పైకి చూసింది. “ముందుగాల తిను” అని రొట్టె, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ పెట్టింది. గిరాకీ తగ్గాక వచ్చి మా ఎదురుగా కూర్చుంది.

“మీ బాపు ఎట్లున్నడు?”

చెప్పాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఆయన్ను నేను ఆడిదనే అనుకున్న. గా దినం నన్ను కొట్టం ఎనుక కూసోవెట్టిండ్రు. ఆట అయిపోయినంక వచ్చిండు, చీర మీదనే. మొగ గొంతుతోని మాట్లాడేసరికి బెదిరిన. ‘అక్కా, నా మాట ఇని లేసినవా?’ అని అడిగిండు. అవునన్న. నువ్వు గంత మంచిగ అడుగుతుంటివి, నేనెప్పుడు అట్ల అడగలే, నేను సుత అడుగుదామనిపించింది అన్న. గంతే. నా కాళ్ల కాడ కూలవడి, కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్సిండు. ‘నా వల్లనే లేసినవ్ అక్కా, నా వల్లనే’ అని.”

మల్లయ్య కాక చేతిలో రొట్టెముక్క అట్లాగే ఉంది.

“గీ ముచ్చట నాకెన్నడు చెప్పలే రాజవ్వా?”

“నువ్వెన్నడు అడగలే. నువ్వు ఎప్పుడొచ్చినా నీ తప్పు సంగతే చెప్పుకుంటివి.”

ఇరవై ఏళ్లు బాపు తన మీద కోపంతో ఉన్నాడని కాక అనుకున్నాడు. ఆయన మీద కోపమేనని మా అవ్వా అనుకుంది. బాపు మాట్లాడకపోవడానికి కోపం కారణం కాదు. తన వేషం ఒక మనిషికి ధైర్యం ఇచ్చింది, ఆ ధైర్యం ఆమెను ఊరు దాటించింది. అది ఎవరితో చెప్పుకోవాలో ఆయనకు తెలియలేదు. కాక లేచి పందిరి బయటికి వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎవరం పిలవలేదు.

“పెద్దవ్వా, ఆ పిల్ల...” అన్నాను.

“బతికింది. నువ్వు తిన్న రొట్టె చేసింది అదే.” అమ్మాయి తల తిప్పి చూసి, మళ్లీ పిండి తీసుకుంది. “గని నా బర్రె నాకు రాలే. బతుకు గడిసింది. ఈయన మీద సుత కోపం పోయింది. గాడ కూసోని నవ్వినోళ్ల మీద మాత్రం పోలే. వాళ్లల్ల మా వాడోళ్లు సుత ఉండిరి.”

బడి సంగతి చెప్పకపోతే దొంగతనంలా ఉంటుందనిపించింది. పిల్లలతో ఈ నాటకం వేయించాలనుకుంటున్నామని, ఆమె వద్దంటే మానేస్తామని చెప్పాను. ఆమె నా పళ్లెం తీసి కడిగి బోర్లించి వచ్చింది.

“నవ్వుల ఆటనే గద, ఆడిపియ్యి. పిల్లలు నవ్వాలె. గని నేను లేసి అడిగింది అందుల కలపకు. అది ఆట గాదు.”

“ఎవరికీ చెప్పొద్దా?”

“చెప్పొద్దని ఎవలన్నరు? విడిగ చెప్పు. నా పేరు పెట్టి చెప్పు. రాజవ్వ అడిగింది, అందరు ఇన్నరు, ఒక్కలు లేవలే అని చెప్పు.”

భోజనానికి ముప్పై పైసలు ఇస్తే తీసుకుంది. చుట్టరికం కలిపి వద్దంటుందేమోనని మొహమాటపడ్డ నాకు, ఆమె తీసుకోవడం బాగుందనిపించింది. మూడున్నర బండికి కాక స్టేషను దాకా వచ్చాడు. బండి కదిలే ముందు కిటికీ దగ్గరకు వచ్చి, “మీ అవ్వను చూడనీకి రావచ్చా బిడ్డా?” అని అడిగాడు. రమ్మన్నాను. పై ఆదివారమే వచ్చాడు. బాపు మగ్గం దగ్గర కూర్చున్నాడు. అవ్వ చాయ్ తెచ్చిచ్చి కొట్టం వెనక సంగతి ఆయన నోట మళ్లీ చెప్పించుకుని, “గింత ముచ్చట కడుపుల పెట్టుకొని నేసిండా ఇన్నేండ్లు” అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ తర్వాత ఆయన రెండు రోజులు ఉండి మా పిల్లలకు దొర నడక నేర్పి వెళ్లాడు.

నాటకం వచ్చే నెల. ఇప్పుడు ఏ కచేరీ ముందూ నిలబడనక్కర్లేదు. దొరకు ఏ టోపీ పెట్టాలో భయపడనక్కర్లేదు. పోలీసు చర్య అయిపోయిన రోజునుంచే ఈ స్వేచ్ఛ ఉంది. కాని ఆ రోజుకే ఆ నాటకం ఆడగల ఇద్దరూ గోదావరికి చెరో ఒడ్డున మౌనంగా ఉన్నారు. నేను తెరపక్కన నిలబడి పిల్లలకు మాట అందిస్తాను. బర్రె మాట దగ్గర జనం నవ్వుతారు, నవ్వనిస్తాను, అది నవ్వొచ్చే మాటే. నేను నవ్వగలనో లేదో తెలియదు. రాజవ్వ చెప్పమన్నది మాత్రం విడిగా, ఆమె పేరు పెట్టి, ఇక్కడ రాస్తున్నాను. రాజవ్వ అడిగింది. అందరూ విన్నారు. ఒక్కరూ లేవలేదు.

పాత ఆటలూ పాటలూ వెతుక్కుంటూ మీలో ఎవరైనా ఇట్లా బయలుదేరితే ఒక్క సలహా. సంచిలో నాలుగు కార్బన్ కాగితాలు పెట్టుకోండి. ఎదుటివాళ్లు చెప్పింది అక్కడికక్కడే రెండు ప్రతులు రాసి, మొదటిది వాళ్ల ఇంట్లోనే ఇచ్చి రండి. నేను ఆ పని చేయక, ఒక ప్రతి రాసి కాకకు పంపడానికి మళ్లీ నాలుగు సాయంత్రాలు కూర్చోవలసి వచ్చింది.